మన తమిళం సైటు ఏమైందని అడిగిన వాళ్లందరికీ

నమస్కారం. తిరుపతి బస్టాండు దగ్గర మన ట్రావెల్స్ ఆఫీసు నుంచి రాస్తున్నాను.

పోయిన పెరటాసి (తమిళుల నెల)లో కాంచీపురం నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. ఏటా శనివారం చూసుకుని కుటుంబంతో వచ్చే మనిషి. "ఏం తమ్ముడూ, ఆఫీసు మూసేశారా?" అంది. గూగుల్‌లో తమిళంలో ఎంత వెతికినా మన పేరు రాలేదట. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆఫీసు మూయలేదు. కార్లు, డ్రైవర్లు, ఫోన్ నంబరు అన్నీ అవే. మీరు కట్టిన అడ్వాన్సులకు ఏ ఇబ్బందీ లేదు. చెడింది సైటు.

ఇదివరకు తెలుగుకి ఒక సైటు, తమిళానికి 2014 నుంచి వేరే పేరుతో ఇంకో సైటు ఉండేవి. కన్నడం తర్వాత చేర్చాం. కిందటేడు సైటు పని చూసే ఒకాయన, ఇన్ని ఎందుకు, అన్నీ ఒకే అడ్రసులో పెడదాం, మనిషి ఏ ఊరి నుంచి చూస్తే ఆ భాష దానంతటదే వస్తుంది అన్నాడు. వినడానికి బాగానే ఉంది, సరేనన్నాను. బెంగళూరులో ఉండే మన తెలుగువాళ్లకు కన్నడం రావడం మొదలైంది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటి ఉంది. పేజీలు చదవడానికి గూగుల్ పంపే ప్రోగ్రామ్ ఎక్కువగా అమెరికా అడ్రసుల నుంచే వస్తుంది. దానికి మన సైటు ప్రతిసారీ ఇంగ్లిష్ పేజీనే చూపించింది. తెలుగు, తమిళం ఉన్నాయని గూగుల్‌కి తెలిసే దారే లేకుండా పోయింది.

గొడవ పెట్టుకుంటే భాషకో అడ్రసు ఇచ్చాడు. కానీ ప్రతి పేజీలోనూ కానానికల్ ట్యాగ్ ఇంగ్లిష్ పేజీ వైపు పెట్టాడు. అంటే ఇది నకలు, అసలుది ఇంగ్లిష్‌లో ఉంది అని మనమే గూగుల్‌కి చెప్పినట్టు. ఆ తమిళం పేజీలు మా ఆవిడ రాసింది. ఆమెది తిరుత్తణి. కొండ దిగాక ముందు కాణిపాకం పోవాలా, కాళహస్తి పోవాలా, గ్రహణం రోజు కూడా కాళహస్తి గుడి తెరిచే ఉంటుందా అని మీరు ఫోన్‌లో అడిగినవన్నీ గుర్తు పెట్టుకుని, పిల్లలు పడుకున్నాక కూర్చుని రాసింది. వాటిని నకలు అనిపించినందుకు నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

భాషల కోడ్‌లు కూడా తప్పే. ఒకే పేజీ ఏయే భాషల్లో ఉందో చెప్పే హెచ్‌రెఫ్‌లాంగ్ ట్యాగ్‌లో తెలుగుకి టీఈ, కన్నడకి కేఎన్ అని రాయాలి. ఆయన టీఎల్, కేఏ అని రాశాడు. టీఎల్ ఫిలిప్పీన్స్‌లో మాట్లాడే టగలాగ్‌ది, కేఏ జార్జియా దేశం భాషది. తిరుపతిలో కూర్చుని తెలుగు కోడ్ తప్పు రాయడం నాకు మింగుడు పడలేదు. తర్వాత మూడు వారాలు ఆయన ఫోన్ ఎత్తలేదు. పని ఆయన దగ్గర్నుంచి తీసేసుకున్నాను. ఇప్పుడు మా మేనల్లుడు చూస్తున్నాడు.

ఇక అసలు తేల్చుకోలేకపోయింది, తమిళం సైటు పాత పేరు ఉంచాలా, తీసేయాలా అని. భాషకో డొమైన్ (అంటే సైటు పేరు) పెట్టుకోవచ్చు, పేరుకి ముందు భాష తగిలించి సబ్‌డొమైన్ చేయవచ్చు, ఒకే డొమైన్ కింద భాషకో ఫోల్డర్ పెట్టవచ్చు. గూగుల్‌కి మూడూ సమ్మతమే. డాట్ ఇన్ లాంటి చివరి అక్షరాలు చెప్పేది దేశాన్ని, భాషను కాదు. మన భాషలన్నీ ఒకే దేశంలోవి కాబట్టి ఇంకో డొమైన్ కొని లాభం లేదు. మాలాంటి చిన్న ఆఫీసుకి ఫోల్డర్లే తేలిక. కానీ ఆ తమిళం పేరు మన కార్ల వెనక అద్దాల మీద ఉంది, వేలూరు, ఆరక్కోణం వాళ్ల నోళ్లలో ఉంది. నెల రోజులు నాన్చాను. చివరికి మా ఆవిడే, "నేను రాసింది వాళ్లకు దొరికితే చాలు, ఏ పేరు మీద దొరికితే ఏం?" అంది.

కాబట్టి ఇప్పుడు అంతా ఒకే పేరు కింద, భాషకో ఫోల్డర్. తమిళం పాత పేరు మాత్రం వదలను. అందులోని ప్రతి పేజీ నుంచి సరిగ్గా అదే విషయం ఉన్న కొత్త పేజీకి 301 దారి పెట్టించాను, అంటే పాత లింకు నొక్కినా శాశ్వతంగా కొత్త పేజీకే పోతుంది. అన్నిటినీ హోం పేజీకి తోసేయలేదు. ఇలాంటి దారిని కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది. నేను ఆఫీసు నడిచినన్నాళ్లూ ఆ పేరుకి డబ్బు కడతాను. నేను వదిలేస్తే ఎవరైనా కొని, మన పేరు చెప్పి మీ దగ్గర అడ్వాన్సు వసూలు చేయగలరు. మళ్లీ చెబుతున్నాను, దర్శనం టికెట్లు మేం అమ్మం. అవి టీటీడీ సొంత సైటులోనే తీసుకోండి.

భాష దానంతటదే మారడం తీసేశాం, పైన బటన్ నొక్కి మీరే ఎంచుకోండి. కన్నడంలో ప్రస్తుతం మూడు పేజీలే ఉన్నాయి. మెషిన్‌కి ఇస్తే మిగతావి ఐదు నిమిషాల్లో వచ్చేస్తాయని అందరూ అంటున్నారు. నేను ఒప్పుకోను. మన డ్రైవర్లలో కోలార్ వైపు అతను ఖాళీ రోజుల్లో కూర్చుని రాయిస్తున్నాడు, ఆలస్యమైనా అలాగే కానీ.

గూగుల్‌లో తెలుగు పేజీలు మళ్లీ కనబడుతున్నాయి. తమిళంవి ఒక్కొక్కటిగా వస్తున్నాయి. మీ ఫోన్‌లో దాచుకున్న పాత లింకు నొక్కితే వేరే పేజీకి పోయినా, వేరే భాష వచ్చినా, ఆ లింకు నాకు వాట్సాప్ చేయండి. రాత్రి పదకొండు దాకా నేనే చూస్తాను.