శ్రోతల సంఘం వార్షిక నివేదిక: కోల్ట్రేన్ కచేరీలు విన్న ఏడాది

సభ్యులందరికీ కార్యవర్గం నమస్కారాలు.

జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ 1926 సెప్టెంబర్ 23న అమెరికాలోని నార్త్ కరోలినాలో, హామ్లెట్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. నూరేళ్ల సందర్భాన్ని పురస్కరించుకుని ఈసారి నెలవారీ శ్రవణ సభలన్నీ ఆయనకే కేటాయించాం. స్టూడియో రికార్డుల జోలికి పోకూడదు, కచేరీల్లో పట్టినవే వినాలి అన్నది పెట్టుకున్న నియమం. 'మై ఫేవరెట్ థింగ్స్' 1960లో స్టూడియోలో పద్నాలుగు నిమిషాల లోపే ముగిసింది. అదే పాట 1966 జులైలో టోక్యో వేదిక మీద 57 నిమిషాలు సాగింది. ఆయన ఎదురుగా కూచుని విన్నవాళ్లు ఇంటికెళ్లాక కూడా ఆ కచేరీ మాటే చెప్పుకోవడానికి కారణం ఈ రెంటి మధ్య ఉన్న దూరంలోనే దొరుకుతుంది.

వాన్‌గార్డ్ రాత్రులు

ఎక్కువసార్లు విన్నదీ, ఎక్కువ వాదన నడిచిందీ 'ఛేజిన్ ద ట్రేన్' మీద. న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో మెట్లు దిగి వెళ్లే నేలమాళిగ క్లబ్బు విలేజ్ వాన్‌గార్డ్. నిండా కూచుంటే నూట ఇరవై మంది పైచిలుకు పడతారు, అంతే. 1961 నవంబర్ 1, 2, 3, 5 తేదీల్లో రూడీ వాన్ గెల్డర్ అనే ఇంజనీరు అక్కడే మైకులు పెట్టి రికార్డు చేశాడు. ఎల్పీలో ఒక పక్క మొత్తం ఈ ఒక్క పాటే, పదహారు నిమిషాలు. టెనర్ శాక్సఫోన్ కోల్ట్రేన్, బాస్ (కింది స్వరాలు పలికే పెద్ద తీగల వాయిద్యం) జిమ్మీ గ్యారిసన్, డ్రమ్స్ ఎల్విన్ జోన్స్. బృందంలోని పియానిస్టు మెకాయ్ టైనర్ ఇందులో పియానో ముట్టడు. ఫలానా పల్లవి అని చెప్పుకోదగ్గది కూడా ఏమీ లేదు.

మొదటిసారి వినేవాళ్లకు ఇది ఒకటే హోరు. పెళ్లిలో తాళి కట్టే వేళ గట్టిమేళం ఒకటి రెండు నిమిషాలు మోగి ఆగుతుంది, ఇక్కడ అదే పదహారు నిమిషాలు ఆగకుండా మోగుతుంది. అందుకే లెక్క పెట్టుకుని వినే పద్ధతి ఒకటి తయారుచేశాం. కొత్త సభ్యుల కోసం ఇక్కడ రాస్తున్నాం.

ఇది ఎఫ్ శ్రుతిలో పన్నెండు బార్ల బ్లూస్, అంటే పన్నెండు చిన్న తాళఖండాల చుట్టు మళ్లీ మళ్లీ తిరిగే పాట. బారుకు నాలుగు దెబ్బలు, మొత్తం 48. రెండేసి దెబ్బలకు ఒక అక్షరం చొప్పున వేసుకుంటే సరిగ్గా మూడు ఆదితాళాలు. ఎఫ్‌ని షడ్జమం అనుకోండి. మొదటి తాళం షడ్జమం మీదే నిలుస్తుంది. రెండో తాళం ఎత్తుగడలో శుద్ధ మధ్యమానికి వెళ్లి, ఐదో అక్షరం దగ్గర షడ్జమానికి దిగుతుంది. మూడో తాళం పంచమం వైపు సాగి, మళ్లీ ఐదో అక్షరానికి ఇల్లు చేరుతుంది. ఒక్కో ఆదితాళానికి నాలుగు సెకన్లు, మూడూ కలిసిన ఒక ఆవర్తనానికి పన్నెండు సెకన్లు పడుతుంది. పదహారు నిమిషాల్లో ఇలాంటివి దాదాపు ఎనభై.

తాళం వేస్తూ వింటే ఎక్కడ తప్పిపోతారో కూడా చెప్పాలి. గ్యారిసన్ ప్రతిసారీ మధ్యమ పంచమాలను విప్పి చెప్పడు, ఒక్కోసారి ఒకే స్వరం చుట్టూ తిరుగుతూ ఉండిపోతాడు. ఎల్విన్ సమానికి, అంటే ఆవర్తనం మొదటి దెబ్బకు, గుర్తు వేయడు. ఒక ఆవర్తనం చివర మొదలెట్టిన దెబ్బల కట్టను తరువాతి ఆవర్తనం లోపలికి ఈడ్చుకెళతాడు. కోల్ట్రేన్ కూడా అంతే, ముక్తాయింపు ఎక్కడ రావాలో అక్కడ రానివ్వడు. తప్పిపోయినప్పుడు వెతుక్కోవద్దు. కాలికింద లయ మాత్రం వదలకుండా పట్టుకుంటే కాసేపటికి బాస్ మళ్లీ ఇంటికొచ్చిన జాడ దానంతటదే తెలుస్తుంది. ఎనభై ఆవర్తనాలూ లెక్కపెట్టి తీరాలనే పట్టుదల మాత్రం వద్దు. లెక్క చూసుకుంటూ కూచుంటే సంగీతం చేజారిపోతుంది.

లెక్క కుదిరాక వినవలసింది ఆయన మాటను పెంచే తీరు. మూడు నాలుగు స్వరాల ముక్క ఒకటి పట్టుకుంటాడు. దాన్ని తిప్పి వాయిస్తాడు, ఒక స్వరం తీసేస్తాడు, అర దెబ్బ ముందుకు జరుపుతాడు, పై స్థాయిలో అడిగి కింది స్థాయిలో జవాబు చెబుతాడు. నెరవల్ (ఒకే పంక్తిని రకరకాలుగా పెంచి పాడడం) చెవికి అలవాటైన మన శ్రోతలకు ఇది కొత్తేమీ కాదు, వేగమే కొత్త.

ఈ వాయిద్యం అందరికీ ఎక్కలేదు, ఎక్కాలని కూడా లేదు. 1961 నవంబర్ 23 నాటి డౌన్ బీట్ పత్రికలో విమర్శకుడు జాన్ టైనన్ కోల్ట్రేన్, ఆయన బృందంలోని ఎరిక్ డాల్ఫీల వాయిద్యాన్ని జాజ్ వ్యతిరేకమని తిట్టిపోశాడు. తరువాతి ఏప్రిల్‌లో అదే పత్రికలో ఇద్దరూ నెమ్మదిగా జవాబిచ్చారు. సభలోనూ రెండు పక్షాలు తేలాయి. కార్యవర్గం రెండింటినీ గౌరవించింది కానీ ఓటు మాత్రం కోల్ట్రేన్‌కే వేసింది.

కీచు, కేక

'అక్కడ అపశ్రుతి పోయింది కదా' అన్న ప్రశ్న ప్రతి సభలోనూ వచ్చింది, కాబట్టి వివరంగా రాస్తున్నాం. శాక్సఫోన్‌కు ఒకే రెల్లు పీక. మౌత్‌పీస్ మీద ఆనించి, లిగేచర్ అనే పట్టీతో బిగిస్తారు. సన్నాయి పీకకైతే రెండు రేకులు. శాక్సఫోన్ గొట్టం శంఖువులా వెడల్పవుతూ పోతుంది కాబట్టి గట్టిగా ఊదితే స్వరం సరిగ్గా ఒక స్థాయి పైకి ఎగురుతుంది. ఒకే వేళ్ల పట్టు మీద పెదవి, గొంతు సర్దుకుంటూ ఊదితే ఇంకా పైనున్న అనుస్వరాలు (ఆ స్వరంలోనే దాగి ఉండే పై స్వరాలు) ఒక్కొక్కటీ బయటికొస్తాయి. రెండు మూడు ఒకేసారి పలికించడమూ వీలే. కోల్ట్రేన్ అరుపులు చాలావరకు ఇలా పుట్టినవే. ఒకే స్వరాన్ని రెండు మూడు వేర్వేరు వేళ్ల పట్లతో మార్చి మార్చి పలికిస్తాడు. శ్రుతి మారదు, రంగు మారుతుంది.

పొరపాటున వచ్చే కీచుకు కారణాలు వేరు: పీక ఎండిపోవడం, పెదవి మరీ బిగుసుకోవడం, రంధ్రాల మీది ప్యాడు సరిగ్గా మూసుకోక గాలి కారడం. అలాంటి కీచు ఒక్కసారి చిట్లి మాయమవుతుంది. కావాలని వేసిన కేక నిలబడుతుంది, అదే చోట మళ్లీ వస్తుంది, కింది స్థాయిలో దానికో జవాబుంటుంది. అనుమానమొస్తే అర నిమిషం వెనక్కి తిప్పి వినండి. మేం అలా తిప్పి విన్న చోట్లలో చాలావాటిలో కేకకు కింద జవాబు దొరికింది.

ఒకే మైకు టేపు

విలేజ్ గేట్ అనే మరో న్యూయార్క్ క్లబ్బులో 1961 ఆగస్టులో కోల్ట్రేన్ వాయించినప్పుడు రిచ్ ఆల్డర్సన్ అనే ఇంజనీరు, క్లబ్బులో కొత్త సౌండు వ్యవస్థను పరీక్షిస్తూ, పైనుంచి వేలాడదీసిన ఒకే ఒక రిబ్బన్ మైకుతో పట్టిన టేపు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో బయటపడి 2023లో విడుదలైంది. పియానో ఎక్కడో పక్కగదిలో ఉన్నట్టుంటుంది, ఎల్విన్ మాత్రం నెత్తిమీద కూచున్నట్టు వినిపిస్తాడు. దీన్ని కొందరు లోపమన్నారు. ఆ క్లబ్బుల్లో ముందు వరుస శ్రోతకు చెవిన పడింది చాలావరకు ఇదే అయుండాలని మా అభిప్రాయం. సన్నాయిని డోలు నుంచి విడదీసి వింటే సగం పోయినట్టే, కోల్ట్రేన్‌ను ఎల్విన్ నుంచి విడదీసినా అంతే నష్టం.

1965 అక్టోబర్ 2న సియాటిల్ పెంట్‌హౌస్ క్లబ్బులో జో బ్రెజిల్ అనే ఆయన రికార్డు చేసిన కోల్ట్రేన్ రచన 'ఎ లవ్ సుప్రీమ్' సంగతీ ఇలాంటిదే. 2021లో గానీ బయటికి రాలేదు. స్టూడియోలో 33 నిమిషాలైన రచన అక్కడ గంటంపావు పట్టింది. డ్రమ్స్ ముందుకొచ్చి శాక్సఫోన్లు వెనక్కి జరిగాయి. శబ్దం పెంచితే సింబల్స్ కొరుకుతాయి, తగ్గిస్తే కోల్ట్రేన్ మాయమవుతాడు. పైశ్రుతి (ట్రెబుల్) గుండీని రెండు మూడు డెసిబెల్స్ తగ్గించి, మొత్తం శబ్దాన్ని కొంచెం పెంచాక సర్దుకుంది.

గది ఏర్పాట్లు, మా తప్పులు

మొదటి సభలో చిన్న బ్లూటూత్ డబ్బా ఒక్కటే పెట్టాం. అది కార్యవర్గం తప్పే. గ్యారిసన్ కింది స్వరాలు పలకలేదు. బాస్ లేకపోతే ఆవర్తనం తెలియదు, తెలియకపోతే మిగిలేది హోరే. రెండో సభ నుంచి రెండు పెద్ద స్పీకర్లు, వైరుతో. రెండింటి మధ్య ఎంత దూరమో, మొదటి వరుసకూ అంతే దూరం. మూలకు నెట్టకుండా గోడకు రెండడుగులు ఇవతల ఉంచితే బాస్ గుయ్యిమనదు. నేల మీద జంపఖానా, కిటికీలకు మందపాటి తెరలు కడితే సింబల్స్ ప్రతిధ్వని తగ్గింది. ఫోన్‌లోని శబ్దమాపకంలో 80 నుంచి 85 డెసిబెల్స్ దాటనివ్వలేదు.

సీలింగ్ ఫ్యాన్లు మరో తలనొప్పి. టోక్యో 'మై ఫేవరెట్ థింగ్స్' గ్యారిసన్ ఒంటరి బాస్‌తో మొదలై చాలాసేపు అలాగే సాగుతుంది. ఫ్యాన్ గాలిలో అది సగం కొట్టుకుపోయింది. ముందే గది చల్లబరిచి, బాస్ వాయించినంతసేపు ఫ్యాన్ ఆపడం ఒక్కటే దారి. ఫోన్ నుంచి వినిపించేటప్పుడు క్రాస్‌ఫేడ్, ఆటోప్లే, శబ్దాన్ని సమం చేసే సెట్టింగు, మూడూ తీసేయండి. సియాటిల్ సభలో క్రాస్‌ఫేడ్ మరచిపోవడం వల్ల ఒక భాగం తోక మీద మరో భాగం ఎక్కి కూచుంది. విమానం గుర్తు నొక్కకపోతే సరిగ్గా అంత్యంలోనే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, ఇది అనుభవపూర్వకంగా తేలింది.

క్రమం విషయంలోనూ ఒక పొరపాటు. టోక్యో కచేరీని రెండో నెలలోనే పెట్టాం. అప్పటికి టైనర్, ఎల్విన్ వెళ్లిపోయారు. ఆలిస్ కోల్ట్రేన్ పియానో, రషీద్ అలీ డ్రమ్స్, పక్కన ఫరో శాండర్స్ శాక్సఫోన్. పట్టుకోవడానికి తాళం కూడా ఉండదు. ఆ నెల తర్వాత హాజరు పడిపోయింది. ముందు వాన్‌గార్డ్, తరువాత గేట్, సియాటిల్, ఆ పైన టోక్యో అన్నదే సరైన వరుస.

మన వైపు దారి

వాన్‌గార్డ్ రాత్రుల్లో పుట్టిన 'ఇండియా'లో బాస్‌లు ఒకే ఆధారస్వరం చుట్టూ తిరుగుతాయి. కోల్ట్రేన్ రవిశంకర్ సంగీతాన్ని శ్రద్ధగా విన్నవాడు, 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు. శాక్సఫోన్ మీదే త్యాగరాజ కృతుల్ని పలికించిన కద్రి గోపాల్‌నాథ్‌నూ, మన ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్లిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానానూ ఒకే సభలో పక్కపక్కన విన్నాం. మీటలతో స్థిరపడ్డ స్వరాల మధ్య గమకం ఎలా జారుతుందో అక్కడ తెలిసింది.

జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం. స్పీకర్ల అద్దె తప్ప పెద్ద ఖర్చు లేదు.

చివరి సభలో 1967 ఏప్రిల్ 23 నాటి ఒలటుంజి ఆఫ్రికన్ సంస్కృతి కేంద్రం కచేరీ విన్నాం. న్యూయార్క్ హార్లెంలో పట్టిన ఆ రికార్డింగు ఆసాంతం చిట్లిపోయి ఉంటుంది. జులై 17న కోల్ట్రేన్ కాలేయ క్యాన్సర్‌తో పోయాడు, వయసు నలభై. కొత్తవాళ్లకు దీన్ని మొదట వినిపించవద్దని, విన్న తరువాత పావుగంట ఎవరూ లైట్లు వేయవద్దని సభ్యులే తీర్మానించారు. వచ్చే ఏడాదికీ ఆ తీర్మానం అమల్లో ఉంటుంది. జంపఖానాలు మడతపెట్టేవాళ్లు లైట్లు వేసేదాకా ఆగగలరు.

— కార్యవర్గం