నెట్ సెంటర్‌కు పోకుండా ఫారం నింపగలమా?

సంపాదకుడికి,

‘సేవలన్నీ ఇక అరచేతిలోనే’ అంటూ పోయిన వారం మీ జిల్లా ఎడిషన్‌లో వార్త వేశారు. ఆ మాట చెప్పిన అధికారులు తమ శాఖ ఫారాన్ని ఒక్కసారైనా ఫోన్‌లో నింపి చూశారా అని అడగడానికే ఈ ఉత్తరం.

మా ఆవిడకు ఒక ధ్రువపత్రం కావలసి ఓ శాఖ వెబ్‌సైట్ తెరిచాను. పుట్టిన తేదీని టైపు చేయనివ్వదు. క్యాలెండర్‌లో బాణం గుర్తు నొక్కుకుంటూ ఒక్కో నెలా వెనక్కి 1957 దాకా పోవాలి. ఆధార్‌లో ఉన్నట్టే పేరు ముందు పొడి అక్షరం, చుక్క పెడితే ఒప్పుకోదు. చుక్క తీసేస్తే ఆధార్‌తో సరిపోలలేదంటుంది. అన్నీ నింపి, కాగితాలు జతచేసి సబ్మిట్ నొక్కితే ‘ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్’ అని ఎర్రక్షరాల్లో వచ్చింది. ఏ గడిలో తప్పో చెప్పదు. తప్పెక్కడో వెతుక్కునేలోపు ‘సెషన్ ఎక్స్‌పైర్డ్’, నింపిందంతా గల్లంతు. ఫైలు 200 కేబీ దాటకూడదట. ఆ సంగతి ఫారంలో ఎక్కడా లేదు, నెట్ సెంటర్ కుర్రాడు చెబితే తెలిసింది. ‘తెలుగు’ అన్న చోట నొక్కితే పైనున్న మెనూ ఒక్కటే తెలుగులోకి మారుతుంది. మనకు అసలు అర్థం కావలసిన హెచ్చరికలన్నీ ఇంగ్లిషులోనే. చివర్లో ఫీజు కట్టాక ఖాతాలో డబ్బు పోయింది, తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది. ముట్టిందో లేదో తెలియక ఒకటే టెన్షన్.

తప్పు జరిగితే అదేమిటో మామూలు మాటల్లో చెప్పాలి, దిద్దుకునే దారి చూపాలి అని కంప్యూటర్ తెరలు వాడేవాళ్లకు సులువుగా ఉండేలా చూసే నిపుణుడు జేకబ్ నీల్సన్ 1994లోనే తన పది డిజైన్ సూత్రాల్లో చేర్చారు. కేంద్రం ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం 2009లో మార్గదర్శకాలు ఇచ్చి, 2023లో సవరించింది కూడా. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకెవరు చెప్పాలి?

మనవాళ్లకు చేతకాదంటే నేను నమ్మను. ఓటింగ్ యంత్రాన్ని చూడండి. చదువురాని ముసలమ్మ కూడా గుర్తు చూసుకుని నీలం మీట నొక్కుతుంది. పక్కనే ఎర్రలైటు వెలుగుతుంది, బీప్ మోగుతుంది, వీవీప్యాట్ అద్దం వెనక చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది. ఓటు పడిందా లేదా అని ఎవరినీ అడగక్కర్లేదు. దాన్ని తయారుచేసే రెండు సంస్థల్లో ఒకటి మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. అంత శ్రద్ధ ఒక ఫారం మీద ఎందుకు పెట్టరు?

పథకానికో యాప్, యాప్‌కో ప్రెస్ మీట్. ప్రారంభం రోజు ఫొటోలు దిగిన వాళ్లు మర్నాటి నుంచి కనిపించరు. ఒకప్పుడు కౌంటర్‌లో గుమస్తా విసుక్కుంటూనైనా ‘ఇక్కడ సంతకం మర్చిపోయావయ్యా’ అని కాగితం వెనక్కి ఇచ్చేవాడు. ఆ కౌంటర్లు మూసేశారు. కూలీనాలీ చేసుకునేవాళ్లు ఇప్పుడు పని మానుకుని, నెట్ సెంటర్‌కు డబ్బిచ్చి, ఓటీపీ కూడా వాళ్లకే చెప్పి రావలసి వస్తోంది. మోసం జరిగితే మాత్రం ‘ఓటీపీ ఎందుకు చెప్పారు’ అని మనల్నే తప్పుపడతారు.

కొత్త సైటుకు బిల్లు చెల్లించే ముందు మండలానికి నలుగురు పింఛనుదారులను, నలుగురు రైతులను కూర్చోబెట్టి, పక్కనుంచి ఎవరూ చెప్పకుండా వాళ్లచేత ఫారం నింపించండి. వాళ్లు ఎక్కడ ఆగిపోతే అక్కడ సరిచేయించండి. అంతవరకు పాత కౌంటర్ తెరిచే ఉంచాలని జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు