పొట్టిక్కకు, రేవు గట్టు మీద నుంచి

ఒరేయ్ పొట్టిక్కా,

ముందే దండం పెడుతున్నాను, తిట్టకు. నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రెండుసార్లు మొదలుపెట్టాను. మొదటిదాని వెనక అమ్మ పాల లెక్క రాసుకుంది. రెండోది ఏమైందో దేవుడికే తెలియాలి. ఫోను చెయ్యవచ్చుగా అంటావు. చేస్తే నువ్వు మూడో మాటకే అడ్డు తగిలి మీ మేనేజరు పురాణం విప్పుతావు. ఈసారి చెప్పేది నేను, వినేది నువ్వు.

ఇంటి సంగతులు గబగబా: నానమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు నా గడ్డం స్పష్టంగా కనిపిస్తోందట, అందుకని రోజూ తిడుతోంది. సార్వా నాట్లు అయిపోయాయి. గోదావరికి ఎర్రనీరు వచ్చింది, పులస మాత్రం మా గుమ్మం తొక్కలేదు, ధర విని కడుపు నింపుకున్నాం. మీ పెరట్లో పనసచెట్టు క్షేమం. నీ పేరున్న ఇడ్లీలే, ఆ పొట్టిక్కల బుట్టలు కుట్టడానికి నిన్ను తలచుకుని నాలుగు ఆకులు కోశాను. చాలా? ఇక అసలు సంగతి.

నేను ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెడుతున్నాను. రాజమండ్రిలో ఆఫీసున్న ఒక స్వచ్ఛంద సంస్థ. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలు తమకు కావలసింది తామే పెద్దలనూ అధికారులనూ అడిగేలా వాళ్ల వెనక నిలబడాలి, అదీ పని. నాన్నకు చెబితే, "వాళ్లకు అమ్మానాన్నలు లేరా?" అన్నారు. కాసేపాగి, "జీతం వాళ్లిస్తారా, మనమే ఇవ్వాలా?" అన్నారు. మర్నాడు పొద్దున లేచేసరికి గ్రూప్-2 పుస్తకాలన్నీ దుమ్ము దులిపించుకుని నా తలగడ పక్కన ఉన్నాయి. ద్విచక్ర వాహనం నడపడం తప్పనిసరి అని ప్రకటనలో ఉంది. బోదె దగ్గర జరిగింది నీకూ నాకూ ఆ గేదెకూ తప్ప ఎవరికీ తెలియదు. తెలియకూడదు.

పదిహేను రోజులు ఎంత చదివానో తెలుసా! ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 1989లో వచ్చింది, మన దేశం 1992లో చేరింది. అందులో పన్నెండో అధికరణం ఉంది చూడు, తమకు సంబంధించిన ప్రతి విషయంలోనూ పిల్లలకు అభిప్రాయం చెప్పే హక్కు ఉంది, వయసునూ పరిణతినీ బట్టి దానికి విలువ ఇవ్వాలి అంటుంది. దాన్ని బావిగట్టు దగ్గర పళ్లు తోముకుంటూ అప్పజెప్పాను. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం, 2009 విద్యాహక్కు చట్టం, ఆపదలో ఉన్న పిల్లల కోసం పెట్టిన 1098 ఫోను నంబరు, అన్నీ కంఠతా. విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్లకే చేయి వదిలేస్తుందని చదివినప్పుడు మాత్రం మన లంక పిల్లలు గుర్తొచ్చి కాస్త మనసు చివుక్కుమంది. వాళ్లకు అయిదో తరగతి దాకా ఊళ్లోనే బడి. ఆ పైన ప్రతిరోజూ ఏరు దాటాలి.

దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది. చిన్నవాళ్లతో కలిసి మీరు తెచ్చిన ఒక మార్పు గురించి రెండు పేజీలు రాయండి అని. నా దగ్గర రేవు కథ ఉండనే ఉంది కదా! నీకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. 2018 జులైలో పశువుల్లంక దగ్గర పడవ బోల్తా పడి బడిపిల్లలు పోయారు కదా, ఆ దిగులు ఈ లంకల్లో ఇంకా పోలేదు. వానాకాలం వస్తే అమ్మలు పిల్లలు ఎక్కిన పడవ అవతలి గట్టు తాకేదాకా రేవులోనే నిలబడతారు. నేను ట్యూషన్ చెబుతున్న పిల్లలతో అర్జీ రాయించాను, తీసుకెళ్లి ఇచ్చాను, లైఫ్ జాకెట్లు వచ్చాయి. ఇదీ కథ. రెండు పేజీలు గోదావరి వరదలా వచ్చేశాయి. 'నేను గుర్తించాను', 'నేను చైతన్యపరిచాను', 'నేను ముందుండి నడిపించాను'. రాసి, నేనే చదువుకుని, నాకే కళ్లు చెమర్చాయి.

పిల్లల సంగతి రాసేటప్పుడు వాళ్లను అడగాలి అని ఎక్కడో చదివాను. సరే, మర్యాదకు ఒక మాట అడిగినట్టు ఉంటుందని పోయిన ఆదివారం లంకకు వెళ్లాను. ఆ రెండు జడల పిల్ల గుర్తుందా, నీ మీసం నిజమైనదేనా అని అడిగింది? ఇప్పుడు తొమ్మిదో తరగతి. కాగితాలు తీసుకుని రావి చెట్టు కింద కూర్చుంది. నా సంచిలోంచి ఎర్ర పెన్ను, వాళ్ల నోటు పుస్తకాలు దిద్దే పెన్నే, అడక్కుండా తీసింది. ఒక్కొక్క మాట చుట్టూ సున్నాలు చుడుతోంది. అక్షర దోషాలు కాబోలనుకున్నాను. చివర్లో లెక్కపెట్టి చెప్పింది: "మాస్టారూ, ఇందులో పడవ నాలుగుసార్లు వచ్చింది. మీరు పందొమ్మిది సార్లు వచ్చారు."

చుట్టూ ఉన్న పిల్లలు కిసుక్కుమన్నారు. నాకు కోపం వచ్చింది, అబద్ధం ఎందుకు. రాయడం నేర్పినదే నేను, నాకే దిద్దుతుందా అనుకున్నాను. ఆ తరువాత ఆ పిల్ల చెప్పిన కథ విని నోరు మూసుకున్నాను.

నేను ఇప్పించిన జాకెట్లు ఎవరూ వేసుకోలేదట! అన్నీ పెద్దవాళ్ల సైజు. ఏడో తరగతి పిల్లకు తొడిగితే భుజాల మీదుగా జారి మోకాళ్ల దగ్గర తేలాయట. నీళ్లలో పడితే మనిషి కిందికీ జాకెట్టు పైకీ పోతాయి. దాంతో పడవ నడిపే సరంగు అన్నింటినీ మూట కట్టి ఇంజను పక్కన పడేశాడు, చేపల బుట్టలకు ఆనుడుగా పనికొచ్చాయి. నేనేమో అమలాపురంలో కనిపించినవాడికల్లా నా విజయగాథ చెప్పుకుంటున్నాను.

అప్పుడు వీళ్లేం చేశారంటావు? లేఖారచన పాఠంలో ఒకసారి సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలో చెప్పాను. 2005 చట్టం, ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి, మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో అయిదు రూపాయలు, ఆపైన పది. నేను మరిచిపోయాను. వాళ్లు మరిచిపోలేదు. రేవులో పడవ నడిపే హక్కు కోసం జరిగే వేలం పాట షరతుల నకలు కావాలని పంచాయతీకి రాశారు. రుసుము లేదు కదా అని నాలుగు దరఖాస్తులు పెట్టారట, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని! నకలు వచ్చింది. ఎక్కిన ప్రతి మనిషికీ సరిపోయే జాకెట్టు పడవ పాడుకున్నవాడే పెట్టాలి అని అందులో ఉంది. 'సరిపోయే' అన్న మాట కింద గీత గీసుకుని గ్రామసభకు వెళ్లారు.

వెళ్లేముందు కొలతలు కావాలి కదా. కుట్టుమిషను అత్త దగ్గరకు టేపు కోసం పోయి, "జాకెట్ల కొలతలు తీసుకోవాలత్తా, పదిహేడు మందికి" అన్నారట. ఆవిడ ముఖం చేటంత చేసుకుని, "ఎవరి పెళ్లే? చేతులు మోచేతి దాకానా, పొట్టివా?" అని అడిగింది. అసలు విషయం తెలిశాక నొచ్చుకుని కూడా, తానే కూర్చుని అందరికీ ఛాతీ చుట్టుకొలత తీసి పెట్టింది. ఆ కాగితం నాకు చూపించారు. రూళ్ల కాగితం, పదిహేడు పేర్లు, పక్కన అంగుళాలు, చివరి వరసలో 'ఈత వచ్చు, రాదు'. పదకొండు మందికి రాదు. ఒరేయ్, అది చూశాక నా రెండు పేజీలు మడిచి జేబులో పెట్టుకున్నాను. బావిగట్టు దగ్గర నేను అప్పజెప్పిన పన్నెండో అధికరణం అంతా ఆ రూళ్ల కాగితంలో ఉంది.

గ్రామసభలో ఒక పెద్దమనిషి "ఆడపిల్లలకు ఇక్కడేం పని" అన్నాడట. రెండు జడల పిల్ల ఏమందో నాకు చెప్పలేదు. మిగతావాళ్లు చెప్పబోతే కళ్లు ఉరిమింది. ఏమందో గానీ చిన్న సైజువి నెల తిరక్కుండా వచ్చాయి.

ఇక్కడే నాకు చిక్కు వచ్చింది, నీ బుర్ర కావాలి. అంతా కొట్టేసి మళ్లీ రాశాను. ఈసారి 'నేను' మూడే: పాఠం చెప్పాను, మరిచిపోయాను, ఆలస్యంగా తెలుసుకున్నాను. ఉద్యోగం అడుగుతూ ఇలా రాసేవాడు ఉంటాడా? అది ఒకటి. రెండోది, పిల్లల పేర్లు బయటపెట్టకూడదు కాబట్టి 'ఒక బాలిక' అని రాశాను. ఇవాళ చూపిస్తే ఆ పిల్లకు ఉక్రోషం వచ్చింది. "చేసింది మేము. మొదట మీ పేరు వేసుకున్నారు, ఇప్పుడేమో ఎవరి పేరూ లేదు. మా పేరు మాకు ప్రమాదమా?" అంది. వాళ్ల క్షేమం కోసమే అన్నాను. "మమ్మల్ని అడిగారా?" అంది. వాళ్లమ్మ దగ్గరకు వెళ్లాను, ఆవిడ నవ్వి, "దాన్నే అడగండి బాబూ" అంది. నియమం తప్పని నేను అనలేను, ఆ పిల్ల తప్పని అంతకన్నా అనలేను. ఇంటర్వ్యూ దాకా వెళితే ఈ ప్రశ్నే నేను వాళ్లను అడుగుదామని... చూద్దాం.

శుక్రవారం ఆఖరు తేదీ. ఇప్పుడు లంక రేవులోనే కూర్చుని రాస్తున్నాను. అమలాపురం వెళ్లి జిరాక్సు కొట్టులో కాగితాలు స్కాన్ చేయించి పంపాలి, ఇది పోస్టు డబ్బాలో వెయ్యాలి. నీకు ఇంకొకటి చెప్పాలనుకున్నాను, మీ చెల్లెలి సంబంధం గురించి నానమ్మ...

సరంగు కేకేస్తున్నాడు. జాకెట్టు తొడుక్కోకపోతే ఎక్కించుకోడట, పిల్లలు కాపలా కాస్తున్నారట. చేతికి ఒకటి ఇచ్చారు. ఏడో తరగతి సైజు.

నీ
గేదె మిత్రుడు