నా అలసటను నమ్మినవారికి కృతజ్ఞతలు

చిత్తూరులో ఒక మామిడి మండీలో ఇరవై రెండేళ్లుగా గుమాస్తాగా పనిచేస్తున్నాను. గత ఏడాది జూన్‌లో, తోతాపురి కాయ లారీలకు లారీలు దిగుతున్న రోజుల్లో, పొద్దుపోయాక ఇంటికి వెళుతుండగా పూతలపట్టు రోడ్డు మీద కుక్క అడ్డం వచ్చి బండి జారింది. హెల్మెట్ హ్యాండిలుకు వేలాడుతోంది. కొన్ని నిమిషాలు స్పృహ లేదు. స్కానింగులో రక్తస్రావం లేదన్నారు, నాలుగు కుట్లు వేశారు, రెండు రోజులు ఉంచుకుని పంపేశారు. మూడో వారానికల్లా మళ్లీ చిట్టా ముందు కూర్చున్నాను. ఆ తర్వాత ఎనిమిది నెలలు నేను పడిన అవస్థ మండీలో చాలామంది చూశారు కాబట్టి, అందులోంచి నన్ను బయటికి తెచ్చినవారికి చెప్పవలసిన కృతజ్ఞతలు కూడా అందరి ముందే చెప్పడం ధర్మమని ఇది రాస్తున్నాను.

పొద్దున ఎనిమిదికి కాటా చీటీలు ముందు వేసుకుంటే తొమ్మిదిన్నర దాకా బాగానే నడిచేది. ఆ తర్వాత రైతు పేరు చదివి, బరువు చదివి, ధర దగ్గరికి వచ్చేసరికి బరువు మనసులోంచి జారిపోయేది. మళ్లీ మొదటికి వెళ్లేవాణ్ణి. కమీషను, హమాలీ కూలి, ముందుగా తీసుకున్న అడ్వాన్సు, ఈ మూడూ తీసేసి ఒక్క పద్దు వేయడానికి పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకోవలసి వచ్చేది. అది నిద్ర కాదు, ఎందుకంటే పడుకున్నా నిద్ర పట్టేది కాదు, పట్టి లేచినా ఆ బరువు దిగేది కాదు. సాయంత్రం ఇంట్లో "రేపటికి ఏం కూర చేసేది?" అని అడిగితే, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతకలేక గోడ వైపు తిరిగి కూర్చునేవాణ్ణి.

చిక్కేమిటంటే, నా లెక్కలు తప్పలేదు. ప్రతి కూడికా మూడుసార్లు వేసేవాణ్ణి కాబట్టి సీజను ముగిసి ఆవర్జా సరిచూసినప్పుడు ఒక్క రూపాయి తేడా రాలేదు. "లెక్కంతా సరిగ్గానే ఉండాదే, ఇంక నీకేమైంది?" అని మా యజమాని అడిగితే, నా దగ్గర చెప్పడానికి మాట లేదు. ఒక డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన స్కాను కాగితం వెలుతురుకు పెట్టి చూసి, అంతా బాగుంది, మనసు గట్టి చేసుకోమని చెప్పి, బలానికి మాత్రలు రాసిచ్చారు. ఆయన పేరు, ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. మనసు గట్టి చేసుకోవడానికి కూడా అలసిపోని మెదడు కావాలని అప్పుడు నాకు తెలియలేదు.

నేను ముందుగా ధన్యవాదాలు చెప్పవలసింది మా పాత వీధిలో ఉండిన మాస్టారి కూతురికి. చిన్నప్పుడు మా అరుగు మీద కూర్చుని ఎక్కాలు అప్పజెప్పిన పిల్ల ఇప్పుడు విదేశంలో మెదడు శాస్త్రవేత్త. తలకు దెబ్బ తగిలినవారిలో, మల్టిపుల్ స్క్లెరోసిస్ వంటి మెదడు జబ్బులున్నవారిలో వచ్చే కాగ్నిటివ్ ఫటీగ్, అంటే ఆలోచించే పనిలో వచ్చే అలసట, ఆమె పరిశోధనాంశం. పేరు రాయవద్దన్నారు, రాయడం లేదు. నోటితో నువ్వు అనే పిలుస్తాను గానీ రాతలో ఆ చనువు తగదు.

సంక్రాంతికి ఆమె తిరుపతిలోని తల్లిగారింటికి వచ్చారని తెలిసి వెళ్లాను. నేను చెప్పింది మధ్యలో ఆపకుండా విన్నారు. తర్వాత ఒక తెల్ల కాగితం మీద పైన తొమ్మిది గుర్తులు గీసి, వాటి కింద ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెలు వేశారు. కింద గుర్తుల వరుసలు మాత్రమే ఉన్నాయి; తొంభై సెకన్లలో ఎన్ని గళ్లకు సరైన అంకె నింపగలిగితే అన్ని నింపాలి. అది అయ్యాక పక్కనే ఒక గీత గీసి, ఇప్పుడు ఎంత అలసటగా ఉందో సున్నా నుంచి పది దాకా గుర్తు పెట్టమన్నారు. నేను వెంట తీసుకెళ్లిన పాత చీటీలు కాసేపు కూడించి, మళ్లీ అదే పరీక్ష, ఇలా గంటన్నరలో నాలుగుసార్లు చేయించారు. గళ్ల లెక్క 41, 42, 40, 41. అలసట 2, 5, 7, 9. రెండు వరుసలూ ఒకదాని కింద ఒకటి రాసి కాగితం నా వైపు తిప్పి, "మామా, మీ యజమాని పై వరుస చూస్తున్నారు, మీరు కింది వరుసలో ఉన్నారు" అన్నారు. ఇది జబ్బును తేల్చే పరీక్ష కాదని, ఇలాంటి పనినే పరిశోధనల్లో స్కానరులో పడుకోబెట్టి చేయిస్తారని, నాకు విషయం అర్థం కావడానికే ఇంట్లో ఇలా చేశానని కూడా చెప్పారు.

ఆ తర్వాత చెప్పిన సంగతి నాకు ప్రాణం లేచి వచ్చినట్లు చేసింది. అమెరికాలో న్యూజెర్సీలోని కెస్లర్ ఫౌండేషన్‌లో జాన్ డెలూకా, ఆయన సహచరులు తలకు గాయమైనవారికీ, గాయం లేనివారికీ ఇటువంటి పనినే విడతలు విడతలుగా ఇచ్చి, పని చేస్తుండగా మెదడులో ఏ భాగం ఎంత చురుగ్గా ఉందో చూపే ఫంక్షనల్ ఎమ్మారై స్కానుతో చూసి, 2009లో ఫలితం ప్రకటించారట. గాయం లేనివారిలో పని అలవాటయ్యేకొద్దీ మెదడు చురుకుదనం తగ్గుతూ వచ్చింది, అంటే తక్కువ శ్రమతోనే పని నడిచింది. గాయమైనవారిలో బేసల్ గాంగ్లియాతో సహా కొన్ని భాగాల్లో అది పెరుగుతూ పోయింది. బేసల్ గాంగ్లియా అంటే మెదడు లోతున ఉండే కణాల గుంపులు. పెట్టిన శ్రమకు దక్కే ఫలం సరితూగుతుందా లేదా అని బేరీజు వేయడంలో వాటికి పాత్ర ఉందట. మా మండీ భాషలో చెప్పాలంటే దిగిన సరుకు అంతే, హమాలీ కూలి మాత్రం విడత విడతకూ పెరిగింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవారిలోనూ ఈ పోలికే కనిపించిందని, అలసిపోయానన్న మాటకూ పరీక్షలో వచ్చే మార్కులకూ చాలాసార్లు పొంతన ఉండదని ఆమె చెప్పారు.

మెదడుకు తిండి చాలక ఇలా అవుతుందా అని అడిగాను. ఒంటి బరువులో రెండు శాతమే ఉండే మెదడు శక్తిలో అయిదో వంతు తీసుకునే మాట నిజమే గానీ, లెక్కలు వేసినప్పుడు ఆ ఖర్చు పెరిగేది కొంచెమే కాబట్టి గ్లూకోజు నీళ్లు తాగితే పోయే అలసట కాదన్నారు. పారిస్‌లో జరిగి 2022లో ఫలితం వెలువడిన ఒక పరిశోధనలో, ఆరోగ్యవంతులకు ఆరు గంటలకు పైగా కష్టమైన మేధోపని ఇస్తే మెదడు ముందు భాగంలో గ్లూటమేట్ అనే పదార్థం పేరుకున్నట్లు కనబడిందట. నాకూ అదే జరిగిందా అంటే, ఆ మాట తాను అనలేనన్నారు. తెలియనిచోట తెలియదనడం నాకు ఆమెలో అన్నిటికంటే నచ్చింది. ఇది కొత్తగా పుట్టిన సంగతి కూడా కాదట. ఇటలీలో ఆంజెలో మోస్సో అనే శాస్త్రవేత్త 1891లోనే అలసట మీద పుస్తకం రాశారని, విద్యార్థులకు మౌఖిక పరీక్షలు పెట్టి వచ్చిన అధ్యాపకుల చేత వేలితో బరువు ఎత్తించి, వేలిబలం కూడా తగ్గినట్లు చూపారని చెప్పారు.

రెండో కృతజ్ఞత, ఆమె పంపగా నేను చూపించుకున్న తిరుపతి నరాల డాక్టరు గారికి. తలదెబ్బతో, మెదడు అడుగున ఉండి హార్మోన్లను విడుదల చేసే పిట్యూటరీ గ్రంథి కూడా దెబ్బతినవచ్చని ఆ హార్మోన్లు, థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 అన్నీ పరీక్ష చేయించారు. బి12 తక్కువ ఉంటే సూదులు వేయించారు, చెడిపోయిన నిద్రను దారిలో పెట్టారు. వాటితో కొంత తేలికపడింది గానీ మొత్తం పోలేదు. ఈ అలసటకు ఇదే మందని తేలినది ఇంకా లేదని ఆయన దాచకుండా చెప్పారు. కాబట్టి నా కథ చదివి ఎవరూ తమకూ ఇదేనని ఇంట్లో తీర్మానించుకోవద్దు. రక్తం తక్కువైనా, దిగులు పట్టుకున్నా మనిషి ఇలాగే కూలబడతాడు.

మూడో కృతజ్ఞత మా యజమానికి. ఆ కాగితం ఆయన ముందు పెట్టాను. అంకెలతో బతికే మనిషి కాబట్టి రెండు వరుసలూ రెండు నిమిషాలు చూశారు. మరునాటి నుంచి చీటీలు రైతుల వారీగా పేర్చి ఇవ్వడానికి ఒక కుర్రవాణ్ణి పెట్టారు, కూడికలన్నీ పది గంటల లోపలికి మార్చారు, నా బల్లను వేలం పాట వినబడని వెనక గదిలోకి జరిపించారు. జీతం తగ్గించలేదు. ఇరవై అయిదు నిమిషాలు రాసి, పది నిమిషాలు సెల్‌ఫోను కూడా ముట్టకుండా ఊరకే కూర్చుంటాను. అలసట వచ్చాక ఆగితే లాభం లేదు, రాకముందే ఆగాలి. ఇది నేర్చుకోవడానికే నాకు రెండు నెలలు పట్టింది. మునుపటి మనిషిని కాలేదు గానీ, సాయంత్రం ఏ కూర చేయాలో చెప్పగలుగుతున్నాను. ఇన్నాళ్లూ ఆ ప్రశ్న అడగడం మానేసి, తోచింది వండిపెట్టిన మా ఇంటావిడకు ఏమని కృతజ్ఞత చెప్పాలో నాకు రాదు.

చివరగా మా హమాలీల మేస్త్రీకి. దెబ్బ తగిలిన కొత్తలో నన్ను "నిద్ర గుమాస్తా" అని పిలిచిన మొదటి మనిషి ఆయనే. ఇప్పుడు వెనక గది తలుపు దగ్గర భుజాన తువాలుతో నిలబడి, చీటీ పట్టుకుని తోసుకొచ్చేవాళ్లను, "లెక్కలాయన కూడికలో ఉండాడు, పది నిమిషాలు నిలబడండబ్బా" అని ఆపుతున్నారు.