పాత బండి బేరం చల్లటి ఇంజన్ దగ్గర మొదలవ్వాలి

సంపాదకుల వారికి,

కాలేజీలు తెరిచే రోజులొచ్చాయంటే సెకండ్ హ్యాండ్ బైకుల బేరాలు జోరందుకుంటాయి. కొత్త బండి ధర చూసి వెనక్కి తగ్గిన తల్లిదండ్రులు ఐదారేళ్ల బండి కోసం వెతుకుతారు. అందులో తప్పేం లేదు. సరిగ్గా వాడిన వంద, నూట పాతిక సీసీ బండి ఇంకో పదేళ్లు నడుస్తుంది. చిక్కంతా చూసే పద్ధతిలో ఉంది. మొదటిసారి కొనేవాళ్లు ట్యాంకు మీద మెరుపు, మీటర్లో కిలోమీటర్లు, "మైలేజీ ఎంతిస్తుంది" అన్న ప్రశ్న, ఈ మూడింటితోనే బేరం తేల్చుకుంటున్నారు. మెరుపునీ మీటరునీ ఒక్క పూటలో మార్చేయొచ్చు. మైలేజీ సంగతి అమ్మేవాడి నోటి మాటే.

చూడ్డానికి వెళ్లేముందు ఫోన్లోనే చెప్పండి, "మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి" అని. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఒక గంట ఆగండి, లేదా మర్నాడు పొద్దున్నే రండి. అరిగిపోయిన ఇంజన్ గుట్టు బయటపడేది చల్లగా ఉన్నప్పుడే. రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో వాల్వ్ సీల్స్ (వాల్వుల దగ్గర ఆయిల్ లోపలికి దిగకుండా ఆపే రబ్బర్లు) పోయి ఉంటే ఆయిల్ మెల్లగా లోపలికి దిగి ఉంటుంది, స్టార్ట్ చేయగానే నీలం ఛాయ పొగ గుప్పుమంటుంది. అరగంట ముందే నడిపి ఉంచితే అది కనపడదు. చలికాలం పొద్దున కొద్దిసేపు తెల్లటి ఆవిరి రావడం మామూలే, దానికి భయపడక్కర్లేదు.

స్టార్ట్ చేయకముందే డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ నల్లగా ఉన్నా పరవాలేదు, మట్టం గీతల మధ్య ఉండాలి. పాలు కలిసిన టీ రంగులో ఉంటే మాత్రం లోపలికి నీళ్లు చేరినట్టే. సైలెన్సర్ మూతిలో వేలు తిప్పి చూడండి. పొడి మసి అంటితే మంచిదే, జిడ్డుగా తడి నలుపు అంటితే ఇంజన్ ఆయిల్ తాగుతోంది.

తర్వాత కిక్ రాడ్‌ని చేత్తో నెమ్మదిగా కిందికి నొక్కండి. ఒక దగ్గర గట్టిగా ఎదురుతన్నాలి. ఎక్కడా అడ్డు లేకుండా మెత్తగా దిగిపోతే ఇంజన్ లోపల గాలి ఒత్తిడి నిలవడం లేదు, అంటే కంప్రెషన్ లేదన్నమాట. స్టార్ట్ అయ్యాక చోక్ తీసేసి ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో వదిలేయండి. టపటపమని సన్నగా వినిపించే ట్యాపెట్ (వాల్వుల దగ్గరి సందు) శబ్దం కాస్త ఉన్నా నష్టం లేదు. ఆ సందుని మరీ బిగించేసి నిశ్శబ్దంగా చేసిన బండే వేడెక్కాక వాల్వులు కాల్చుకుంటుంది. గొలుసు గీరుకుంటున్నట్టు గలగల వస్తే ఇంజన్ లోపల వాల్వులను నడిపే టైమింగ్ చైన్. అదీ అదుపులో ఉండే ఖర్చే. ఇంజన్ అడుగునుంచి సుత్తితో కొట్టినట్టు బరువైన టక్ టక్ వస్తే కనెక్టింగ్ రాడ్ లేదా క్రాంక్ బేరింగ్. ఆ బండి ఎంత తక్కువకు ఇస్తానన్నా వద్దు, ఫుల్ ఇంజన్ పని తప్పదు.

ఇక్కడ అమ్మకందారుల చిట్కా ఒకటి చెప్పాలి. వంద సీసీ బండ్లలో చాలావాటికి కంపెనీ చెప్పేది 10డబ్ల్యూ-30 లాంటి పల్చటి ఆయిల్. అరిగిన ఇంజన్‌లో దాని బదులు 20డబ్ల్యూ-50 పోస్తే ఆ చిక్కదనానికి శబ్దమూ పొగా కొన్నాళ్లు అణుగుతాయి. అందుకే రెండు నిమిషాల ట్రయల్ చాలదు. కనీసం పదిహేను ఇరవై నిమిషాలు నడిపి, ఇంజన్ బాగా కాగాక మళ్లీ వినండి. వెనక ఇంకో బండి మీద స్నేహితుణ్ణి రమ్మనండి, అతని కళ్లు సైలెన్సర్ మీదే ఉండాలి. యాక్సిలరేటర్ ఇస్తున్నంతసేపూ నీలం పొగ వస్తే పిస్టన్ రింగులు, బోరు అరిగినట్టు. స్పీడు మీద యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి, మళ్లీ ఇచ్చినప్పుడు ఒక్కసారి గుప్పుమని ఆగిపోతే వాల్వ్ సీల్స్. రెండోది చిన్న పని, మొదటిది పెద్ద పని. నల్ల పొగైతే చాలాసార్లు ఎయిర్ ఫిల్టర్, కార్బొరేటర్‌తో పోతుంది.

ఆ ట్రయల్‌లోనే మూడో గేరులో నెమ్మదిగా పోతూ యాక్సిలరేటర్ ఒక్కసారి పూర్తిగా తిప్పండి. ఇంజన్ మోత పెరిగి బండి ముందుకు దూకకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి. రెండో గేరులో లాగుతూ వదిలి చూడండి. న్యూట్రల్‌కి ఎగిరిపోతుంటే గేర్‌బాక్స్ విప్పాల్సిందే, అంటే ఇంజన్ రెండుగా తీయాలి. ఖాళీ రోడ్డు మీద ముప్పై స్పీడులో హ్యాండిల్‌ని వేళ్లతో తేలిగ్గా పట్టుకుంటే బండి తిన్నగా పోవాలి. ఒక పక్కకు లాగుతుంటే టైరో, వీల్ అలైన్‌మెంటో, వంగిన ఫోర్కో (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు గొట్టాలు) కారణం.

యాక్సిడెంటైన బండిని పెయింటు చూసి కనిపెట్టలేరు. హ్యాండిల్ కింద మెడ దగ్గర, స్టీరింగ్ రెండు వైపులా ఎంతవరకు తిరగాలో ఆపే చిన్న ఇనుప స్టాపర్లుంటాయి. టార్చి వేసి చూడండి. అవి నలిగినా, వెల్డింగ్ పడినా, అక్కడ మాత్రమే కొత్త రంగున్నా ముందునుంచి గట్టిగా తగిలిన బండి. ట్యాంకు మార్చినవాళ్లు కూడా చాలాసార్లు ఆ స్టాపర్ల జోలికి వెళ్లరు. బండిని సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పండి. నడిమధ్యలో చిన్న గుంటలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పోయింది. ఫోర్కు కింది భాగం పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే కదలకూడదు. వెనక చక్రాన్ని పక్కలకు ఊపండి. ఊగితే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) బుష్షులు లేదా వీల్ బేరింగులు పోయినట్టు. ఫోర్కు రాడ్ల మీద ఆయిల్ చార, తుప్పు గుంటలు ఉంటే కొత్త సీల్ వేసినా మళ్లీ కారుతుంది, ఆ గుంటలే సీల్‌ని కోసేస్తాయి.

చైన్‌ని వెనక స్ప్రాకెట్ (పళ్ల చక్రం) చివర వేళ్లతో వెనక్కి లాగి చూడండి. సగం పన్ను బయటపడితే చైన్ సెట్ మొత్తం మార్చాలి. చైన్ ఒక్కటే మారిస్తే అరిగిన పళ్లు దాన్నీ తినేస్తాయి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. టైరు మీది గుండీలు (రోడ్డును పట్టే గట్లు) నిండుగా ఉన్నా పాత టైరు ఎండకు గట్టిపడి వానలో జారుతుంది. డిస్క్ బ్రేకు బండైతే డిస్క్ అంచున గోరు పెట్టి చూడండి. గట్టు తగిలితే ఎంత అరిగిందో తెలుస్తుంది. కనీస మందం ఎంతో డిస్క్ మీదే చెక్కి ఉంటుంది.

2020 ఏప్రిల్ నుంచి వచ్చినవన్నీ బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణం) బండ్లు. చాలామటుకు ఫ్యూయెల్ ఇంజెక్షన్. తాళం తిప్పగానే మీటర్లో ఇంజన్ బొమ్మ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. వెలిగే ఉంటే లోపం ఉంది. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి, లైటునే మాయం చేసి ఉంటారు. ట్యాంకులో పంపు రెండు మూడు సెకన్లు సన్నగా గుయ్యిమని ఆగాలి. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంటే దాని లైటు బండి కాస్త కదిలాక ఆరాలి. బ్యాటరీకి మల్టీమీటర్ పెడితే ఇంజన్ ఆపినప్పుడు 12.5 వోల్టుల దగ్గర, నడుస్తుండగా కొంచెం రేజ్ ఇస్తే 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. అంతకు తగ్గితే బ్యాటరీ మార్చినా మళ్లీ దిగిపోతుంది, లోపం బ్యాటరీని ఛార్జ్ చేసే కాయిల్‌లోనో రెక్టిఫయర్‌లోనో ఉంటుంది.

వరదలో మునిగిన బండ్లు వేరే కథ. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో బండ్లెన్నో నీళ్లలో నానాయి. అలాంటి బండి కడిగి పాలిష్ పెట్టాక బయటికి కొత్తదానిలా ఉంటుంది. సీటు తీసి వైరింగ్ సాకెట్లు ఒకటి రెండు విప్పి చూడండి. పిన్నుల మీద పచ్చటి పొడి కనిపిస్తే నీళ్లు చేరాయి. హెడ్‌లైట్ లోపల సన్నటి ఒండ్రు గీత, మీటరు అద్దం లోపల మసక, ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున మట్టి కూడా సాక్ష్యాలే. ఇంజెక్షన్ బండి మునిగిందంటే దూరంగా ఉండటం మంచిది. కంప్యూటర్ బాక్సూ సెన్సార్లూ ఎప్పుడు మొరాయిస్తాయో ఎవరూ చెప్పలేరు.

మీటరు అంకెని నమ్మకండి. డిజిటల్ మీటర్నీ వెనక్కి తిప్పుతారు. ఫుట్‌రెస్ట్ రబ్బరు, వెనక బ్రేకు పెడల్, తాళం చెవి పళ్లు ఎంత అరిగాయో చూడండి. పదిహేను వేల కిలోమీటర్ల బండికి బ్రేకు పెడల్ నున్నగా మెరవదు.

ఇక కాగితాలు. ఇంజన్ పోతే డబ్బుతో పోతుంది, కాగితాలు తేడా వస్తే పోలీస్ స్టేషన్, కోర్టు. సీబుక్కు (ఆర్‌సీ) అసలుది చేతిలో పెట్టుకుని ఛాసిస్ నంబరు ఒక్కొక్క అక్షరమే సరిచూసుకోండి. పదిహేడుంటాయి. దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు దిగుతుంది. అంకెలు వంకర టింకరగా ఉన్నా, చుట్టూ అరగదీసిన గుర్తులున్నా అక్కడికే ఆపేయండి. ఇంజన్ నంబరూ అంతే. ఫైనాన్స్ పేరు సీబుక్కులో ఉంటే "ఎప్పుడో కట్టేశాం" అన్న మాట చాలదు. ఫైనాన్స్ కంపెనీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), వాళ్ల సంతకంతో అప్పు తీరిందని తెలిపే ఫారం 35 కావాలి. ఓనరు చనిపోయి ఉంటే కొడుకు సంతకంతో బండి మీ పేరుకి రాదు. ముందు ఫారం 31తో వారసుల పేరుకి మారాలి. చలాన్లు ఎన్నున్నాయో బండి నంబరుతో అక్కడే ఫోన్లో చూసుకోవచ్చు.

రెండు తెలుగు రాష్ట్రాల మధ్య చేతులు మారే బండ్ల దగ్గర ఒక గందరగోళముంది. 2014 జూన్ 2కు ముందు హైదరాబాద్, రంగారెడ్డి, వరంగల్‌లో రిజిస్టరైన ఏపీ 09, ఏపీ 28, ఏపీ 36 బండ్లు తెలంగాణవే, అక్కడ కొంటే ఎన్‌ఓసీ అక్కర్లేదు. ఏపీ 16 (కృష్ణా జిల్లా) బండిని హైదరాబాద్‌లో కొంటే మాత్రం ఫారం 28తో ఎన్‌ఓసీ తెచ్చి, తెలంగాణలో లైఫ్ టాక్స్ కట్టాలి. బేరంలో ఆ సొమ్ము లెక్కేసుకోవాలి. ఇంత పాత బండైతే ఇంకో లెక్క కూడా ఉంది. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకే. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి.

అన్నిటికంటే ప్రమాదం "ఓపెన్ ఫారాలు". ఓనరు పేరు మార్పుకి వాడే ఫారం 29, 30 ఖాళీగా ఉండగానే సంతకం చేసి బ్రోకర్‌కి ఇస్తాడు. బండి మూడు నాలుగు చేతులు మారుతుంది, పేరు మాత్రం మారదు. చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇది: బండి ఎన్ని చేతులు మారినా, రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి అతనే ఓనరు. కొన్నవాడికీ నష్టమే. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ బండితో పాటే వస్తుంది గానీ, పాలసీ మీ పేరుకి మారకపోతే మీ బండి పోయినా, నుజ్జయినా క్లెయిమ్ రాదు. దానికి గడువు 14 రోజులు. 2018 సెప్టెంబరు తర్వాత కొన్న బండ్లకు ఐదేళ్ల థర్డ్ పార్టీ ఉంటుంది కాబట్టి "ఇన్సూరెన్స్ ఉంది" అంటారు. సొంత నష్టానికి కూడా ఉందా అని తేదీతో సహా చదవండి.

ఈ ఓపెన్ ఫారాల పద్ధతిని మాన్పించడానికే కేంద్రం 2022 డిసెంబరులో నిబంధనలు మార్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల వ్యాపారికి రవాణా శాఖ అనుమతి పత్రం ఉండాలి, బండి అతని దగ్గరికి రాగానే ఆ సంగతి ఫారం 29సి ద్వారా ఆన్‌లైన్‌లో నమోదు కావాలి, అప్పటినుంచి దాని బాధ్యత అతనిదే. మన పట్టణాల్లో రోడ్డు పక్కన ఇరవై ముప్పై బండ్లు నిలబెట్టి అమ్మేచోట ఆ పత్రం గోడకు వేలాడటం అరుదు. ఆర్టీవో అధికారులు హెల్మెట్ తనిఖీలతో పాటు నెలకోసారి ఈ షెడ్లలోకీ తొంగిచూస్తే బాగుంటుంది. కొనేవాళ్లు కూడా ముందు అదే అడగాలి.

డబ్బు ఒకేసారి ఇవ్వొద్దు. అడ్వాన్స్ ఇచ్చి రసీదు తీసుకోండి, పేరు మార్పు దరఖాస్తు ఆన్‌లైన్లో నమోదై రసీదు వచ్చాకే మిగతాది ఇవ్వండి. రెండో తాళం చెవి అడగండి, పెట్రోల్ ట్యాంకుకీ సైడ్ లాకుకీ అదే చెవి పట్టాలి. డెలివరీ కాగితం రెండు ప్రతులు రాసుకుని తేదీతో పాటు గంట, నిమిషం కూడా వేసి ఇద్దరూ సంతకం చేయండి. ఆ నిమిషానికి ముందు పడిన చలాన్లు అమ్మినవారివి, తర్వాతవి మీవి.

ఇట్లు,
టూవీలర్ మెకానిక్కులు, ఏలూరు