చెట్ల కింద గచ్చు చేయకండి, అడవి పూలు వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఈ వేసవిలో మా వీధిలో నాలుగిళ్ళవాళ్ళు చెట్ల కింద ఖాళీ జాగా అంతా టైల్స్ వేయించేశారు. అడిగితే నీడలో ఏ మొక్కా బతకదండీ, రాలిన ఆకు ఊడవలేక చస్తున్నాం అన్నారు. మా పెరట్లో మామిడి చెట్టు కింద మూడేళ్ళుగా అడవి పూలు పూస్తున్నాయి కాబట్టి ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

రంపచోడవరం దగ్గర మా ఆయన స్నేహితుడి పొలం గట్టు మీద అడవి పసుపు జాతి మొక్క కొండపసుపు ఉంటే అడిగి నాలుగు దుంపలు తెచ్చుకున్నాం. తొలకరి పడగానే మొలకొస్తుంది, వానలు ముదిరేసరికి కంకి లేస్తుంది, పైన గులాబీ రంగులో కనబడేవి పూలనుకుంటాం గానీ అసలు పువ్వు వాటి కింద పసుపుపచ్చగా దాక్కుని ఉంటుంది. చెంగల్వకోష్టు అయితే కాండం ముక్క పాతినా నాటుకుంటుంది. దాని ఆకులు కాండం చుట్టూ మెలి తిరుగుతూ పైకి పోతాయి, చివర తెల్లటి పువ్వు. నేలతాడి పువ్వు నేలకు ఆనుకుని చిన్న పసుపు చుక్కలా ఉంటుంది, వంగి చూడాలి. మందుల కోసం దాని దుంపల్ని అడవిలో తవ్వేస్తుంటారు, అందుకే అది ఇళ్ళలో పెరగాలని నా ఆశ. ఇవన్నీ అయిపోయాక చలికాలానికి డిసెంబరాలు ఎలాగూ ఉన్నాయి.

రాలిన ఆకును తగలబెట్టకుండా అక్కడే వదిలేయండి, మాగి ఎరువవుతుంది. కొండపసుపు ఆకు చలికాలంలో ఎండిపోతుంది, దుంప మాత్రం నేలలో బతికే ఉంటుంది. మొదటి ఏడు నేను టెన్షన్ పడి రోజూ నీళ్ళు పోస్తే రెండు దుంపలు కుళ్ళిపోయాయి. ఇప్పుడు గుర్తుకి పుల్ల గుచ్చి తొలకరి దాకా అటు వెళ్ళను. అడవినాభి పువ్వు ఎంత బాగున్నా మొక్కంతా విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు.

అసలు ఇబ్బంది మొక్కలు దొరకడమే. ఒక నర్సరీలో కొండపసుపు అడిగితే అది కలుపు మొక్కమ్మా అని విదేశీ ఆకుమొక్కలు చూపించారు. అలాగని అడవికి వెళ్ళి పెకలించుకు రావద్దు, రిజర్వ్ ఫారెస్టులో అది నేరం కూడా. అటవీ శాఖ నర్సరీల్లో టేకు, వేపతో పాటు ఈ దుంపలు కూడా పెంచి జూన్‌లో అమ్మాలి. దేశమంతటికీ మొక్కలు పంపే కడియం రైతులు తలో మడి వేసినా చాలు, కొనడానికి నాలాంటివాళ్ళం ఉన్నాం.

– ఒక గృహిణి, రాజమహేంద్రవరం