పచ్చబడని పైరుకు ఇంకో కట్ట యూరియానా?

సంపాదకులకు,

నాట్లు పడి మూడు వారాలయ్యేసరికి ఎరువుల దుకాణాల ముందు చెప్పుల వరుసలు కనబడతాయి. పత్రికల్లో వాటి ఫొటోలూ పడతాయి. యూరియా కొరత గురించి రాయాల్సిందే. కానీ ఆ వరుసలో ఉన్నవాళ్లలో కొందరి పొలానికి కావాల్సింది ఆ దుకాణంలోనే ఓ మూల పడి ఉన్న జింకు బస్తా అని కూడా ఎవరో ఒకరు రాయాలి.

మడి గట్టు ఎంత ఎత్తు పోసినా నీళ్లు గండి మట్టానికే నిలుస్తాయి. పైరూ అంతే. అవసరానికి అన్నిటికంటే తక్కువగా ఏది అందుతుందో అక్కడే ఎదుగుదల ఆగుతుంది, మిగతావి ఎన్ని పోసినా గండిలోంచి పోయినట్టే. సాగర్ ఎడమ కాల్వ కింద, బోర్ల కింద వరి వెంట వరి వేసే భూముల్లో ఆ గండి చాలాచోట్ల జింకు దగ్గరే ఉంటుంది. నేలలో జింకు బొత్తిగా లేక కాదు. ఎప్పుడూ నీళ్లు నిలవడం, సున్నపు గుణం, బోరు నీటిలోని బైకార్బొనేట్లు, ఏటేటా పేరుకున్న భాస్వరం కలిసి దాన్ని వేరుకు అందకుండా కట్టేస్తాయి. యాసంగి చలి దీనికి తోడు.

గుర్తుపట్టడం కష్టమేం కాదు. నాటిన 2 నుంచి 4 వారాల్లో ముదురాకుల మీద, మధ్య ఈనెకు అటూ ఇటూ తుప్పు రంగు మచ్చలు వస్తాయి. ఆకును వంచితే టప్పున విరుగుతుంది. దుబ్బు కట్టదు, యూరియా చల్లినా పచ్చబడదు. ఈ చివరిదే అసలు గుర్తు. ఉత్తరాదిన హిమాలయాల దిగువనున్న తెరాయి ప్రాంతపు రైతులు దీన్ని ఖైరా అనేవారు, అంటే కాచు రంగు. అది తెగులు కాదని, జింకు లోపమని 1966లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వై.ఎల్. నేనే అనే శాస్త్రవేత్త తేల్చారు. ఇన్నేళ్లయినా మన దగ్గర తుప్పు మచ్చ కనబడగానే తెగులు మందు కొట్టేవాళ్లే ఎక్కువ.

వరి వెంట వరి వేసేచోట మూడు పంటలకోసారి, ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ (21 శాతం రకం) వేస్తే చాలు. ప్రతి పంటకూ వేయడం దండగ. పైరు మీద లోపం కనబడితే లీటరు నీటికి 2 గ్రాములు, అంటే 16 లీటర్ల ట్యాంకుకు 32 గ్రాములు కలిపి 5 రోజుల తేడాతో రెండు మూడుసార్లు కొట్టాలి. అందులో పురుగు మందు గానీ తెగులు మందు గానీ కలపకూడదు. వీలుంటే రెండు మూడు రోజులు మడిలో నీరు తీసి ఆరగట్టాలి.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు జింకును భాస్వరం ఉండే డీఏపీ ఎరువుతో కలిపి చల్లడం. ఒక్క పనితో పోతుందని చేస్తారు, రెండూ పోతాయి. నమ్మకం లేకపోతే రెండు గాజు గ్లాసుల్లో విడివిడిగా కరిగించి, పైన తేరిన నీటిని ఒకదాంట్లో మరొకటి పోసి చూడండి. విరిగిన పాలలా చిక్కటి తెల్లటి మడ్డి కడుతుంది. అదే జింక్ ఫాస్ఫేట్, వేరుకు సులువుగా అందదు. అందుకే రెంటి మధ్యా కనీసం మూడు రోజుల ఎడం ఉండాలి.

ఇదే పరీక్ష కల్తీనీ పట్టిస్తుంది. మెగ్నీషియం సల్ఫేట్ చూడటానికి అచ్చం జింక్ సల్ఫేట్‌లా ఉంటుంది, ధర తక్కువ. డీఏపీ తేట పోసినప్పుడు అలాంటి మడ్డి కట్టలేదంటే బస్తాలో ఉన్నది జింకేనా అని అనుమానించాల్సిందే. బిల్లు దాచుకుని, నమూనాను మండల వ్యవసాయాధికారికి ఇవ్వాలి.

మట్టి పరీక్ష కార్డులో నత్రజని, భాస్వరం, పొటాష్ వరకు చదివి మడిచి పెట్టేస్తున్నారు. కింద జింకు వరుస కూడా ఉంటుంది. అక్కడ 0.6 పీపీఎం (పది లక్షల పాళ్ల మట్టిలో 0.6 పాలు) కంటే తక్కువ ఉంటే ముందు పూడ్చాల్సిన గండి అదే. అది పూడ్చాక వేసిన యూరియాకు పైరు పలుకుతుంది. యాసంగి దమ్ములు మొదలవకముందే, నవంబరులో, మీ జిల్లా పేజీల్లో ఈ లోపం పట్టిన ఆకు ఫొటో ఒకటి రంగుల్లో వేయగలరా?

– భూసార పరీక్షల పనిలో ఉన్న ఒక పాఠకుడు, మిర్యాలగూడ